పనికిరాని వస్తువులతో చేసిన కళను చూడటం ఎలా? ముందు ఆ లేబుల్ దగ్గరికి పరిగెత్తకండి

సీసా మూతలు, స్టీలు గిన్నెలు, పాత టైర్లు, స్ట్రాలు... ఇలాంటివాటితో చేసిన కళా ప్రదర్శనలకు నేను చాలాసార్లు వెళ్లాను. ప్రతిసారీ అదే తంతు. జనం వస్తారు, లేబుల్ మీద "మూతలు, రాగి తీగ" అని చదువుతారు, "ఓస్, మూతలేనా" అనుకుని ఫొటో తీసి పక్క గదిలోకి తుర్రుమంటారు.

1. బ్యాగు లాకర్లో పెట్టేయండి. వెనక్కి తిరిగినప్పుడు అది దేన్నో ఒకదాన్ని తోసేస్తుంది. నడవడానికి వీలైన చెప్పులు వేసుకోండి. ముగ్గురికి మించి వెళ్లొద్దు. ఆడియో గైడ్ అసలే వద్దు.

2. ఎక్కడా ఆగకుండా మొత్తం ఒక చుట్టు తిరిగి, మూడు కళాఖండాలు ఎంచుకోండి. నాలుగోది వద్దు.

3. దూరం, దగ్గర, మళ్లీ దూరం. చెడగొట్టుకునేది ఇక్కడే, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు గది అవతలి గోడ దాకా వెళ్లి నిలబడండి. అది దేనితో చేశారో అప్పటికి మీకు తెలియకూడదు. తెలియని ఆ రెండు నిమిషాలు ఒక్కసారే దొరుకుతాయి, లేబుల్ చదివేస్తే ఇక రావు. ఘనాలో పుట్టి నైజీరియాలో పనిచేసిన కళాకారుడు ఎల్ అనట్సుయి గోడ తెరలు దూరం నుంచి జరీ దుప్పటి జారుతున్నట్టు ఉంటాయి. బట్ట అనే అనుకోండి, తప్పేం లేదు. తర్వాత నెమ్మదిగా నడవండి. ఎక్కడో ఒకచోట ఆ బట్ట కాస్తా లోహమైపోతుంది. అక్కడ ఆగండి, ఒక అడుగు వెనక్కి వేయండి, మళ్లీ ముందుకు. చాలామంది ఆ చోటును చూసుకోకుండా దాటేస్తారు, నాకు ఒళ్లు మండేది అందుకే.

దగ్గరికెళ్లాక "ఏంటిది" అని కాదు, "ఎలా కట్టారు" అని చూడండి. మద్యం సీసాల మూతల రేకును చదును చేసి, మడిచి, చిల్లులు పొడిచి, సన్నటి రాగి తీగతో ఒకదానికొకటి ముడేశారు. కొన్ని రేకుల మీద బ్రాండు పేరు సగం ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఒక్క ముడిని ఎంచుకుని దాన్నే చూడండి. అలాంటివి వేలల్లో ఉన్నాయని తట్టాక "ఇది మా పిల్లాడైనా చేస్తాడు" అనే మాట గొంతులోనే ఆగిపోతుంది.

సరిగ్గా అప్పుడే చెయ్యి తనంతట తాను లేస్తుంది. రంగుల పటాన్ని ఎవరూ ముట్టుకోరు, గిన్నెను మాత్రం ముట్టుకుంటారు, రోజూ చేతిలో ఉండేదే కదా. చేతులు వెనక్కి కట్టుకోండి. నేనూ ఒకసారి కాగితపు కప్పుల గోడను వేలితో అలా తాకి, అందరి ముందూ చీవాట్లు తిన్నాను. తీసుకెళ్లమనేవీ ఉన్నాయనుకోండి: ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో చేసిన మిఠాయి బిళ్లల కుప్పలోంచి మీరు ఒకటి తీసుకోవచ్చు. ఎయిడ్స్‌తో పోయిన తన సహచరుడి కోసం 175 పౌండ్లతో, అంటే దాదాపు 79 కిలోలతో పేర్చిన కుప్ప అది, తరిగేకొద్దీ మళ్లీ నింపుతారు. కానీ నియమాలు మారుతుంటాయి. 2010లో లండన్ టేట్ మోడర్న్‌లో చైనా కళాకారుడు ఐ వేవే పది కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలు పరిస్తే మొదట వాటి మీద నడవనిచ్చారు, కొద్ది రోజులకే దుమ్ము లేస్తోందని ఆపేశారు. కాబట్టి ముందు వెళ్లొచ్చినవాళ్ల మాట కాదు, ఆ రోజు బోర్డు చూడండి.

ఇప్పుడు మళ్లీ అవతలి గోడ దగ్గరికి. మూతలని తెలిశాక కూడా బట్ట కనిపిస్తోందా? అయితే అది మంచి కళాఖండం. పికాసో 1942లో సైకిల్ సీటు, హ్యాండిల్‌తో చేసిన ఎద్దు తల అలాంటిదే, ఎద్దూ పోదు, సైకిలూ పోదు. వస్తువులు తప్ప ఇంకేం కనిపించకపోతే అది ఉత్త కుప్ప, నేనైతే దాని దగ్గర ఇంకో నిమిషం కూడా నిలబడను.

4. లేబుల్ ఇప్పుడు చదవండి. ఆఫ్రికాకు యూరప్ వర్తకులు తెచ్చిన సరుకుల్లో మద్యం ఒకటని, బానిసల వ్యాపారంలోనూ అది చేతులు మారిందని ఇప్పుడు తెలిస్తే ఆ మూతలు ఎందుకో బుర్రకెక్కుతుంది. ఆడియో గైడ్ వద్దన్నది ఇందుకే, దేనితో చేశారో మొదటి వాక్యంలోనే చెప్పేస్తుంది.

5. ఫొటోలు చివర్లో, రెండే. అవతలి గోడ నుంచి ఒకటి, మీరు ఎంచుకున్న ఆ ముడిది ఒకటి. మధ్యలో నిలబడి తీసిన దాంట్లో బట్టా తెలియదు, మూతా తెలియదు.