తేదీలు ఎక్కడ దాక్కుంటాయి: 2038కి ముందు ఒక పాత కోబాల్ ప్రోగ్రామర్ చెప్పేది

1999లో నా పనంతా కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాల్ని వెతకడమే. వాటిలో 1999 అంటే 99 అని మాత్రమే ఉండేది, 2000 వస్తే అది 00 అయి లెక్కలు తప్పుతాయి. 2038లో రాబోయే ఇలాంటి తేదీ చిక్కు గురించి అడిగేవాళ్లకూ అదే చెబుతాను: మార్చడం తేలిక, వెతకడమే కష్టం.

'డేట్' అనే పేరుతో వెతికితే కొన్నే దొరుకుతాయి. మిగతావి 'టెంప్2' లాంటి పేర్లతో నక్కి ఉంటాయి. అందుకే డేటా వెంట వెళ్లండి. తేదీ ఏ స్క్రీన్‌లో లోపలికొస్తోంది, ఏ ఫైల్లో కూర్చుంటోంది, ఏ రిపోర్టులో బయటపడుతోంది, అంతా కాగితం మీద గీసుకోండి. సంవత్సరం చోట 99ని 'ఇక రికార్డులు లేవు' అనే గుర్తుగా వాడిన మహానుభావులూ ఉన్నారు.

టెస్టింగ్‌లో నేను తిన్న దెబ్బ ఒకటి. వయసు లెక్కకట్టే ప్రోగ్రాం. గడియారం 2000కి జరిపి, 1950లో పుట్టిన మనిషి రికార్డు ఇచ్చాను. 00లోంచి 50 తీసేస్తే మైనస్ 50. ఆ ఫీల్డులో మైనస్‌కు చోటు లేదు, అది రాలిపోయి 50 మిగిలింది. సరైన జవాబే! టిక్ పెట్టేశాను. రెండు రోజులకు 1965 రికార్డు ఇస్తే, 35 రావాల్సిన చోట 65 వచ్చింది. ప్రోగ్రాం ఆగిపోతే నయం, నమ్మేలా ఉండే తప్పుతోనే టెన్షన్. కాబట్టి ఒక్క రికార్డుతో సరిపెట్టొద్దు. డిసెంబర్ 31, జనవరి 1, ఫిబ్రవరి 29, మార్చి 1 అన్నీ నడపండి. (1900 లీపు సంవత్సరం కాదు, 2000 అవును. అక్కడా చాలామంది తడబడ్డారు.)

గడియారం జరిపేది విడి మెషిన్ మీదే, అదీ బ్యాకప్ తీశాకే. లైసెన్సుల గడువు తీరిపోతుంది, పాత ఫైళ్లను దానంతటదే తుడిచే ప్రోగ్రాం నిన్నటివాటినీ తుడిచేస్తుంది.

ఇక 2038. 1970 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే ప్రోగ్రాములు ఆ జనవరి 19న, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 03:14:07 దాటగానే, ఆ చోటు నిండిపోయి లెక్క మైనస్‌లోకి తిరిగి, 1901 డిసెంబర్‌లో పడతాయి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో టైమ్‌స్టాంప్ రకం కాలమ్ హద్దూ అదే, డేట్‌టైమ్ రకానికి ఆ బాధ లేదు. సర్వర్ 64 బిట్లదే కదా అని ఊరుకోకండి, టేబుల్లో సెకన్లు దాచే మామూలు ఇంట్ (32 బిట్ల అంకె) కాలమ్ ఉండొచ్చు. ముందు 20 ఏళ్ల వాయిదాలు లెక్కకట్టే ప్రోగ్రాములు చూడండి, వాటికి 2038 ఎప్పుడో వచ్చేసింది.

అప్పట్లో టైం చాలక, సంవత్సరం 50 కంటే తక్కువైతే ముందు 20, లేకపోతే 19 అని చాలాచోట్ల షరతు పెట్టి వచ్చేశాం. అలాంటిది కనబడితే, దాని గడువు 2049 అని పక్కన కామెంట్ రాయండి. మేం రాయలేదు.