కోరం కుదరని కమిటీని మళ్లీ గాడిలో పెట్టాను: నా అనుభవం

మా కాలనీ కమ్యూనిటీ హాలు కమిటీకి నేను కార్యదర్శిని. తొమ్మిదిమందిమి, అందరం ఉద్యోగాలు చేసుకుంటూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లమే. మా నిబంధనల ప్రకారం కోరం, అంటే సమావేశం చెల్లాలంటే కనీసం రావాల్సిన సభ్యులు, ఐదుగురు. వరసగా మూడు నెలలు నలుగురే వచ్చారు. కోరం లేకుండా చేసిన తీర్మానం చెల్లదు కాబట్టి పైకప్పు మరమ్మతు అలాగే ఆగిపోయింది. పిల్లలు చదువుకునే గదిలో చుక్కలు పడే చోట బకెట్ పెట్టాం.

ఎవరికీ శ్రద్ధ లేదని మొదట కోపం వచ్చింది. అది నా పొరపాటు. రాని వాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "రెండున్నర గంటలు కూర్చుని నివేదికలు వినడమే కదండీ, అక్కడ నేను చేసేదేముంది?" అందొకావిడ. ఆ మాట మనసులో నాటుకుపోయింది.

అప్పట్నుంచి నివేదికలన్నీ, కోశాధికారి లెక్కలతో సహా, ఐదు రోజుల ముందే పంపుతున్నాను. నిర్ణయం కావాల్సిన అంశాలు ఎజెండాలో పైన ఉంటాయి. ఇదివరకు మినిట్స్‌లో, అంటే సమావేశంలో జరిగింది రాసిపెట్టే పత్రంలో, "పైకప్పు గురించి చర్చించారు" అని రాసి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు ఏ పని, ఎవరు, ఏ తేదీలోగా అని రాసి మర్నాడే అందరికీ పంపుతాను. అన్నిటికంటే ఇదే బాగా పనిచేసింది.

పైకప్పు కొటేషన్లలో ఒకటి ఓ సభ్యుడి బావమరిదిది. ఆయనే ముందుగా ఆ సంగతి చెప్పి, ఓటింగప్పుడు బయటికి వెళ్లారు. అదీ మినిట్స్‌లో ఎక్కించాం. ఆ పెద్దమనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

ఆ సమావేశానికి ఏడుగురు వచ్చారు, గంటంపావులో ముగిసింది. పోయిన వారం బకెట్ తీసేశాం.