ఇంట్లో న్యూట్‌లు, కప్పలు: పెంచడం, గుడ్లు పెట్టించడం ఎలా?

న్యూట్ చూడ్డానికి బల్లిలా ఉంటుంది కానీ అది కప్పల బంధువు. ఒంటి మీద పొలుసులుండవు. తడి చర్మంతోనే కొంత గాలి పీల్చుకుంటుంది, ఒంటికి కావాల్సిన నీళ్లూ ఆ చర్మం గుండానే తీసుకుంటుంది. కప్పా అంతే, నోటితో నీళ్లు తాగదు. కాబట్టి తొట్టి నీళ్లలో ఏది కలిసినా నేరుగా ఒంట్లోకి పోతుంది. వీటి పెంపకంలో సగం పని నీళ్లను చూసుకోవడమే. మిగతా సగంలో పెద్ద భాగం ఉష్ణోగ్రతదే.

దేన్ని పెంచాలి?

మీరున్న చోట ఏ జాతిని పెంచడానికి చట్టం ఒప్పుకుంటుందో ముందు కనుక్కోండి. చెరువులోనో అడవిలోనో పట్టి తేవద్దు. పెంపకంలో పుట్టిన వాటినే తీసుకోండి. ప్రపంచమంతటా ఉభయచరాలను చంపుతున్న కైట్రిడ్ అనే ఫంగస్ ఒక చోటి నుంచి మరో చోటికి పాకడంలో జంతువుల వ్యాపారానికి పెద్ద పాత్ర ఉంది. కొత్తవాళ్లకు న్యూట్‌లలో చైనా ఫైర్ బెల్లీడ్ న్యూట్, కప్పల్లో వైట్స్ ట్రీ ఫ్రాగ్ అనే చెట్లెక్కే కప్ప నయం. రెండూ పదేళ్లకు పైగా బతకగలవు, అది ఆలోచించుకునే దిగండి. రెంటినీ ఒకే తొట్టిలో మాత్రం వేయకండి. న్యూట్‌కి చల్లదనం కావాలి, ఆ కప్పకు వెచ్చదనం కావాలి. పైగా న్యూట్ చర్మంలో విషం ఉంటుంది.

తొట్టి ముందు, జంతువు తర్వాత

రెండు మూడు న్యూట్‌లకు 60 లీటర్ల తొట్టి సరిపోతుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఒక రోజు తెరిచి ఉంచితే చాలావరకు పోతుంది. కొన్నిచోట్ల క్లోరిన్ బదులు కలిపే క్లోరమైన్ అయితే అలా పోదు, దాన్ని విరిచే అక్వేరియం మందు కలపాల్సిందే. స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, జంతువులు లేకుండానే, కాస్త చేపల మేత వేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు నడపండి. వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఈలోగా ఫిల్టర్‌లో స్థిరపడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపించాకే న్యూట్‌ని దింపాలి. ఇంతకాలం ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోవడం విసుగే, కానీ ఈ మెట్టు వదిలేస్తే ఆ తర్వాత రోజూ టెన్షనే.

అడుగున గులకరాళ్లు వద్దు. తిండితోపాటు మింగేస్తాయి, అవి పేగుకు అడ్డుపడతాయి. సన్నని ఇసుక వేయండి, లేదా ఏమీ వేయకండి. న్యూట్ నీళ్లు 16 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, 24 దాటితే ప్రమాదం. వేడి ప్రాంతాల్లో ఫ్యాన్ చాలకపోతే నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొనాలి, అంత ఖర్చు కుదరకపోతే న్యూట్ ఆలోచన మానుకోవడమే మంచిది. మూత మాత్రం బిగుతుగా ఉండాలి. తడి ఒంటితో గాజు గోడ ఎక్కి సన్నని సందులోంచి కూడా జారిపోతుంది.

ట్రీ ఫ్రాగ్‌కి ఎత్తైన తొట్టి, ఎక్కడానికి కొమ్మలు, ఒక గిన్నెలో క్లోరిన్ లేని నీళ్లు, పగలు 24 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం ఉంటే చాలు.

తిండి

న్యూట్‌కి వానపాము ముక్కలు, బ్లడ్‌వార్మ్‌లు (నీళ్లలో ఉండే ఎర్రని పురుగులు), డాఫ్నియా (నీటి ఈగ అనే చిన్న ప్రాణి). కప్పకు క్రికెట్ పురుగులు (కీచురాళ్లు). పురుగులకు కాల్షియం, విటమిన్ డి3 పొడి పట్టించి వేయకపోతే కప్ప ఎముకలు మెత్తబడి వంకర పోతాయి. పెద్దవాటికి వారానికి రెండు మూడుసార్లు వేస్తే చాలు. వైట్స్ ట్రీ ఫ్రాగ్ తిండిపోతు, ఎంత వేసినా తింటుంది. కళ్ల పైన చర్మం మడతలు పడి వేలాడుతుంటే మేత తగ్గించండి.

అవసరమైతే తప్ప చేత్తో పట్టుకోకండి. పట్టుకోవాల్సి వస్తే సబ్బు, క్రీము అంటకుండా కడిగిన తడి చేతులతో పట్టుకోండి. తర్వాత సబ్బుతో కడుక్కోండి, విషం సంగతి అటుంచి, వీటి మీద మనకు జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా కూడా ఉండొచ్చు.

న్యూట్ గుడ్లు పెట్టాలంటే

తొట్టిలో ఏడాది పొడవునా ఒకే ఉష్ణోగ్రత ఉంటే న్యూట్‌కి జతకట్టే కాలం వచ్చిందని తెలియదు. చలికాలాన్ని మనమే తెప్పించాలి. బాగా తిని పుష్టిగా ఉన్న జంటను ఎంచుకుని, నీళ్లను మెల్లమెల్లగా 10 డిగ్రీల దాకా చల్లబరచి, వెలుతురు గంటలు తగ్గించి, ఒకటి రెండు నెలలు అలా ఉంచండి. తర్వాత అంతే నెమ్మదిగా వేడిని, వెలుతురును పెంచండి. ఒక్కరోజులో మార్చేస్తే జబ్బు చేస్తుంది.

అప్పుడు మగది ఆడదాని ముందు నిలిచి తోక వంచి నీళ్లను విసురుతుంది. అందులో దాని వాసన కూడా ఉంటుంది. ఆడది వెంట నడిస్తే మగది వీర్యపు మూటను నేల మీద వదులుతుంది, ఆడది దాన్ని తన ఒంట్లోకి తీసుకుంటుంది. ఇవేవీ కంటపడకపోయినా బెంగ లేదు. ఆడది వెనక కాళ్లతో నీటి మొక్క ఆకును మడిచి అందులో ఒక్కో గుడ్డూ పెట్టడం మొదలైతే పని అయినట్టే. మెత్తని ఆకుల మొక్కలు ముందే ఎక్కువగా వేసి ఉంచండి.

గుడ్లను పెద్దవే తినేస్తాయి. ఆకుతో సహా తీసి వేరే డబ్బాలో వేయండి, బూజు పట్టి తెల్లబడిన వాటిని ఏరేయండి. రెండు నుంచి నాలుగు వారాల్లో, వేడిని బట్టి, పిల్లలు బయటికొస్తాయి. మెడ పక్కన ఈకల్లాంటి మొప్పలుంటాయి. మొదటి కొద్ది రోజులు ఒంట్లోని పచ్చసొనే వాటి ఆహారం. ఆ తర్వాత కదిలే మేతే కావాలి: గుడ్లలోంచి అప్పుడే బయటికొచ్చిన బ్రైన్ ష్రింప్ (చిన్న ఉప్పునీటి రొయ్యలు), చిన్న డాఫ్నియా. ఆకలేస్తే పక్కదాని కాలు కొరికేస్తాయి, కాబట్టి సైజుల వారీగా విడదీయండి. కొన్ని నెలలకు మొప్పలు కుంచించుకుపోతుంటే నీళ్లు తగ్గించి తడి నాచుతో గట్టు కట్టండి. అప్పటినుంచి చాలాకాలం అవి నేల మీదే ఉండాలనుకుంటాయి. చీమంత క్రికెట్‌లు దొరకబుచ్చుకోవాల్సింది ఈ దశలోనే, పెంపకందార్లు ఎక్కువ పిల్లలను పోగొట్టుకునేదీ ఇక్కడే.

కప్పలకైతే వాన

ట్రీ ఫ్రాగ్‌లను కొన్ని వారాలు కాస్త చల్లగా, పొడిగా ఉంచి, ఆ తర్వాత వాన కురిపించాలి. చిన్న పంపుతో నీళ్లను చిల్లులు పెట్టిన గొట్టంలోకి ఎక్కించి పైనుంచి పడేలా చేస్తే సరి. మగవి అరుస్తాయి, ఆడదాని వీపెక్కి పట్టుకుంటాయి, గుడ్లు వందల్లో పడతాయి. టాడ్‌పోల్‌లకు (తోకకప్పలకు) ఉడికించిన ఆకుకూర, చేపల మేత వేయండి, నీళ్లు తరచూ మార్చండి. మొదట వెనక కాళ్లు కనిపిస్తాయి. ముందు కాళ్లు వచ్చాక తోకను కరిగించుకుంటూ తిండి మానేస్తాయి, అప్పుడు మేత వేస్తే నీళ్లు పాడవడమే. ఎక్కి కూర్చోవడానికి వాలు లేకపోతే మాత్రం మునిగి చస్తాయి.

ఇన్నింటిని ఎవరికిస్తారో గుడ్లు పడకముందే చూసుకోండి. చెరువులో వదలడం అసలు దారే కాదు. ఒకప్పుడు గర్భ పరీక్షల కోసం దేశదేశాలకు పంపిన ఆఫ్రికా గోళ్ల కప్ప ఇప్పుడు చిలీలోనూ ఫ్రాన్స్‌లోనూ నీళ్లలో స్థిరపడిపోయింది. సాకలేననుకున్న గుడ్లను పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే, పిండం రూపు కట్టకముందే, తీసి ఫ్రీజర్‌లో పెట్టేయండి.