వెన్నెల దృశ్యంలో అధివాస్తవిక చిత్రణ – 4వ పాఠం: ఒక్క నీడ ఎదురు తిరిగితే

గత పాఠంలో ఆకాశానికి పూత వేసి ఆరబెట్టాం. ఈసారి నేలమీదకు వెన్నెలను దించి, ఆ తరువాత ఆ దృశ్యంలో ఒకే ఒక్క అసాధ్యాన్ని ప్రవేశపెడదాం. ఈ వరుసను తారుమారు చేయవద్దని ముందే కోరుతున్నాను. వెన్నెల నమ్మదగినట్లు లేని చోట వింత కూడా వింతగా తోచదు.

పిండారబోసినట్టుందని మనం వర్ణించుకునే వెన్నెల నిజానికి చాలా మసక వెలుగు. నిండు చంద్రుని కాంతి సూర్యకాంతిలో దాదాపు 4 లక్షలవ వంతు మాత్రమే. అంత తక్కువ వెలుగులో కంటిలో రంగులను గుర్తించే శంకువులనే కణాలు వెనుకబడి, మసకలో చూసే దండాలనే కణాలు పని అందుకుంటాయి. దండాలు రంగులను వేరుచేయలేవు, ఎరుపు కాంతికి దాదాపు స్పందించవు. పగలు ఎర్రగా వెలిగిన పువ్వు రాత్రి నల్లబడి, దాని పక్కనున్న ఆకే తేటగా కనిపించడానికి కారణం ఇదే. కాబట్టి నలుపు గొట్టం జోలికి పోకుండా, అల్ట్రామెరైన్ నీలంలో బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలిపి చీకటిని తయారుచేసుకోండి. నలుపు నుంచి తెలుపు వరకు 9 మెట్ల ఛాయాపట్టీ గీసుకుని, నేల మొత్తాన్ని చీకటి వైపు 4 మెట్లలోనే ముగించండి. తెలుపును చంద్రబింబానికీ నీటిమీది మెరుపుకూ దాచిపెట్టండి.

చంద్రుని పరిమాణం దగ్గర చాలామంది పొరపడతారు. చేయి చాపి చిటికెనవేలు అడ్డుపెడితే బింబం మొత్తం దాని వెనక దాగిపోతుంది, ఎందుకంటే అది ఆకాశంలో ఆక్రమించేది అర డిగ్రీయే. 60 సెంటీమీటర్ల కాన్వాసులో 40 డిగ్రీల మేర దృశ్యాన్ని చూపుతున్నప్పుడు చంద్రుడు ముప్పావు సెంటీమీటరుకు మించడు. పెద్దగా వేయాలనుకుంటే వేయవచ్చు, కానీ మీకున్న ఒక్క అసాధ్యం అక్కడే ఖర్చయిపోయిందని గుర్తుంచుకోండి.

ఇక నీడలు. ఈ పాఠానికి ప్రాణం ఇక్కడే ఉంది. చంద్రుడు మనకు ఎదురుగా ఉన్నాడు కనుక నీడలన్నీ మనవైపు రావాలి. బింబం నుంచి దిగంతరేఖకు నిట్టనిలువుగా ఒక గీత దించి, అది తాకిన చోట చుక్క పెట్టండి. ఆ చుక్క నుంచి ప్రతి చెట్టు మొదలు మీదుగా గీసిన గీతే నీడ దారి. బింబం నుంచి చెట్టు కొన మీదుగా మరో గీత లాగితే, ఆ రెండూ కలిసిన చోట నీడ ముగుస్తుంది. చెట్టు కొన చంద్రునికంటే కిందనే ఉండేలా చూసుకోండి, లేకపోతే గీతలు కలవవు. చెరువు ఉంటే దానిమీది వెలుగుబాట సరిగ్గా చంద్రుని కిందనే, మనవైపు నిలువుగా సాగాలి. ఏటవాలుగా వేస్తే నీరు నీరులా ఉండదు.

ఇంత కట్టుదిట్టం ఎందుకన్నది బెల్జియం అధివాస్తవిక చిత్రకారుడు రెనే మాగ్రిట్ 1956లో వేసిన ‘సెప్టెంబరు పదహారు’ చూస్తే అర్థమవుతుంది. అందులో చెట్టు మామూలు చెట్టే, సాయంసంధ్య మామూలు సంధ్యే. చెట్టు వెనక ఉండవలసిన నెలవంక మాత్రం కొమ్మల ముందుకు వచ్చి నిలిచింది. మిగిలినదంతా నియమానికి కట్టుబడి ఉండడం వల్లనే ఆ ఒక్క అతిక్రమణ మనసును పట్టి ఆపుతుంది. నా తొలి చిత్రాలలో కరిగే కొండలనూ ఎగిరే చేపలనూ జంట చంద్రులనూ ఒకేచోట చేర్చాను. చూసేవారి కన్ను ఎక్కడా నిలవలేదు.

ఇప్పుడు అభ్యాసం. ఐదారు చెట్ల నీడలను పైన చెప్పిన పద్ధతిలో వేసి, నడుమ ఉన్న ఒక రాతి నీడను మాత్రం చంద్రుని వైపే పడనివ్వండి. దానిని మరింత నల్లగా వేసి చూపించాలన్న కోరికను అణచుకోండి. ఆ నీడ తక్కిన నీడల ఛాయలోనే, అంతే మెత్తని అంచుతో ఉండాలి, చూపరి దానిని తనంతట తాను కనిపెట్టాలి. వచ్చే పాఠంలో ఇదే కాన్వాసుమీద పొగమంచు పొర వేస్తాం కనుక, దీనికి వార్నిష్ పూయకుండా ఉంచండి.