తొలకరి పడేలోపు సర్వర్‌కు రెండో కేబుల్: తీసుకోవాల్సిన జాగ్రత్తలు

జూన్ వస్తే ఉరుములు మొదలవుతాయి. కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. రెండు నెలల ఎండకు యూపీఎస్ బ్యాటరీలు అప్పటికే అలసిపోయి ఉంటాయి. సర్వర్లను మిగతా నెట్‌వర్క్‌కు కలిపే స్విచ్ డబ్బాల్లో ఏది ఏ రాత్రి పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో నాకు ఎక్కువగా వచ్చే పని ఇదే: "ఒక స్విచ్ పోయినా పని ఆగకూడదు, సర్వర్లన్నీ రెండు స్విచ్‌లకు కలిపి పెట్టండి." అడగడం సరైనదే. కానీ నడుస్తున్న సర్వర్ నెట్‌వర్క్ మీద చెయ్యి వేస్తున్నాం. తేడా వస్తే ఆ రాత్రే తెలియొచ్చు, ఏడాది తర్వాతా తెలియొచ్చు. ఏడాది తర్వాత తెలిసేదే ఎక్కువ ప్రమాదం.

కోస్తాలో ఒక ఆసుపత్రికి కొన్నేళ్ల కిందట ఈ పని నేనే చేశాను. రెండు కేబుళ్లు, రెండు స్విచ్‌లు, రెండు చోట్లా పచ్చ లైట్లు. ఏడాదికి పైగా ఏ ఇబ్బందీ లేదు. ఒక వాన రాత్రి మొదటి స్విచ్ పవర్ సప్లై కాలిపోయింది. సర్వర్ తన పని తాను చేసింది, క్షణంలో రెండో కేబుల్ మీదకు మారిపోయింది. అయితే రెండో స్విచ్‌లో ఆ పోర్టుకు ల్యాబ్ వీలాన్ (ఒకే స్విచ్‌లో విడదీసి నడిపే వేరే నెట్‌వర్క్) ఇవ్వడం నేను మరిచిపోయాను. లైటు పచ్చగానే ఉంది, లింక్ బాగున్నట్టే చూపిస్తోంది, ల్యాబ్ రిపోర్టు మాత్రం వార్డుకు చేరడం లేదు. నేను అక్కడికి వెళ్లేసరికి ఒక నర్సమ్మ రక్త పరీక్షల ఫలితాలను చీటీల మీద రాయించుకుని, అవి తడవకుండా చీర కొంగులో పెట్టుకుని, రెండు బిల్డింగుల మధ్య తిరుగుతోంది. సరిచేయడానికి పట్టింది ఒక్క లైను, అర నిమిషం. పీకి చూడని కేబుల్‌ను రెండో కేబుల్‌గా లెక్కపెట్టడం ఆ రాత్రితో మానేశాను. కింద రాసినవన్నీ ఆ లెక్కలోవే.

ముందు రాక్ దగ్గరకు వెళ్లండి

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు రాక్ (సర్వర్లు, స్విచ్‌లు బిగించిన బీరువా) వెనక్కి వెళ్లి కరెంటు వైర్లు చేత్తో పట్టుకుని చివరిదాకా చూడండి. స్విచ్‌లు రెండైనా, రెండూ ఒకే పవర్ స్ట్రిప్‌లోనో, ఒకే ఎంసీబీ కిందో ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను. అలాంటి చోట ఎంసీబీ పడితే రెండూ ఒకేసారి ఆరిపోతాయి. రెండు యూపీఎస్‌లు ఉంటే చెరొకదానికి ఇవ్వండి. ఒకటే ఉంటే కనీసం వేర్వేరు సర్క్యూట్లకు ఇవ్వండి.

సర్వర్ వైపూ అంతే. ఒకే కార్డు మీద పక్కపక్కన ఉన్న రెండు పోర్టులకు కేబుళ్లు పెడితే, ఆ కార్డు పోయిన రోజు రెండూ పోతాయి. ఒకటి బోర్డు మీది పోర్టుకు, రెండోది విడి కార్డుకు పెట్టండి. కేబుళ్లు కూడా వేర్వేరు దారుల్లో వెళ్లాలి. ఫాల్స్ సీలింగ్‌లో ఎలుక కొరికితే పక్కనున్నదాన్నీ కొరుకుతుంది. రెండు చివర్లా లేబుల్ అంటించండి: సర్వర్ పేరు, స్విచ్, పోర్టు నంబరు. అర్ధరాత్రి టార్చి వెలుతురులో చదవగలిగేంత పెద్దగా రాయండి.

ఇంకొకటి ఎక్కువమంది చూడరు. ఆ రెండు స్విచ్‌లు పైకి దేనికి కలుస్తున్నాయి? మొదటి స్విచ్ నుంచి పైకి వెళ్లే కేబుల్ తెగితే, సర్వర్‌కూ స్విచ్‌కూ మధ్య లైటు వెలుగుతూనే ఉంటుంది. సర్వర్‌కు ఏమీ తెలియదు, ఆ దారిలోనే పంపుతూ ఉంటుంది. పై లింక్ పడితే కింది పోర్టులను కూడా పడేసే సదుపాయం చాలా స్విచ్‌లలో ఉంది, దాన్ని ఆన్ చేయండి. లేదంటే సర్వర్‌లో ఏఆర్‌పీ మానిటరింగ్ పెట్టి, నెట్‌వర్క్ బయటికి దారైన గేట్‌వేను "ఉన్నావా" అని అడుగుతూ ఉండేలా చేయండి (కింద చెప్పే మోడ్ 4లో ఇది పనిచేయదు).

ఏ మోడ్ పెట్టాలి

రెండు కేబుళ్లను ఒకటిగా చూపించే లినక్స్ బాండింగ్‌లో 0 నుంచి 6 దాకా ఏడు మోడ్‌లున్నాయి. నిజంగా తేల్చుకోవాల్సింది రెండింటి మధ్యే.

మీ స్విచ్‌లు ఒకదానితో ఒకటి సంబంధం లేని విడి స్విచ్‌లైతే మోడ్ 1, అంటే యాక్టివ్-బ్యాకప్ పెట్టండి. ఒక కేబుల్ పనిచేస్తుంది, రెండోది ఎదురుచూస్తుంది. స్విచ్‌లో ఛానెల్ (రెండు పోర్టులను కలిపిన గుంపు) లాంటిదేమీ కట్టక్కర్లేదు, రెండు పోర్టులకూ అవే వీలాన్‌లు ఉంటే చాలు. చిన్న సర్వర్ రూమ్‌లన్నిటికీ నా సలహా ఇదే. "రెండో కేబుల్ ఖాళీగా ఉంటోంది కదా" అని యజమానులు అడుగుతారు. అది ఖాళీగా ఉండడానికే డబ్బు పెట్టామని ఓపికగా చెప్పండి.

రెండు కేబుళ్లూ కలిసి బరువు మోయాలంటే ఎల్ఏసీపీ (సర్వర్, స్విచ్ మాట్లాడుకుని కేబుళ్లను గుంపుగా కట్టే పద్ధతి), అంటే మోడ్ 4. దీనికి అవతల ఒకే స్విచ్ ఉండాలి, లేదా ఒక్కటిగా కనిపించే రెండు స్విచ్‌లు ఉండాలి. అంటే స్టాక్ చేసి ఒకే స్విచ్‌గా మార్చినవో, విడిగా ఉంటూనే ఎంఎల్ఏజీతో జతగా నడిచేవో. సిస్కో నెక్సస్‌లో దీన్నే వీపీసీ అంటారు. విడివిడి స్విచ్‌ల మీద ఎల్ఏసీపీ పెడితే పైకి బాగానే కనిపిస్తుంది, కానీ సర్వర్ ఆ రెండింటినీ రెండు వేరే గుంపులుగా చూసి ఒకదాన్నే వాడుతుంది. బాండ్ స్టేటస్ ఫైల్‌లో రెండు పోర్టులకూ అగ్రిగేటర్ ఐడీ (గుంపు నంబరు) ఒకటే ఉందా చూడండి. పార్ట్‌నర్ మ్యాక్ అడ్రస్, అంటే అవతలి స్విచ్ హార్డ్‌వేర్ చిరునామా, అన్నీ సున్నాలుంటే అవతలి వైపు ఎల్ఏసీపీ మాట్లాడడం లేదని అర్థం.

మోడ్ 0, అంటే ప్యాకెట్‌కో కేబుల్ చొప్పున పంచేది, విడి స్విచ్‌ల మీద పెట్టకండి. ఒకే మ్యాక్ అడ్రస్ అటూ ఇటూ దూకుతుంటే స్విచ్‌లు గందరగోళపడతాయి, ప్యాకెట్లు వరస తప్పి వస్తాయి. ఒకే సర్వర్‌లో పలు వర్చువల్ మెషీన్లు నడిపే వీఎంవేర్ వాడేవాళ్లకు ఒక మాట: దాని లోపల ఉండే మామూలు స్టాండర్డ్ స్విచ్‌లో ఎల్ఏసీపీ లేదు, డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్‌లోనే ఉంది. వీఎంవేర్ డిఫాల్ట్ పద్ధతికి అవతల స్విచ్‌లో ఛానెల్ కట్టకూడదు. కడితేనే ఇబ్బంది.

రెండు కేబుళ్లు కాబట్టి రెట్టింపు వేగం వస్తుందని ఎవరికీ మాటివ్వకండి. ఎల్ఏసీపీలో ఒక కనెక్షన్ ఎప్పుడూ ఒక కేబుల్ మీదే వెళ్తుంది. రాత్రి బ్యాకప్ ఒకే స్ట్రీమ్‌గా నడిస్తే, 10 గిగాబిట్ కేబుళ్లు రెండున్నా దానికి దక్కేది ఒకటే. పంచే లెక్క కూడా చూసుకోండి. లినక్స్‌లో డిఫాల్ట్‌గా లేయర్ 2 ఉంటుంది, అంటే మ్యాక్ అడ్రస్‌లను బట్టి పంచుతుంది. మీ యూజర్లంతా రౌటర్ అవతల ఉంటే సర్వర్‌కు కనిపించే మ్యాక్ ఒక్కటే, గేట్‌వేది. దాంతో బయటికి వెళ్లేదంతా ఒకే కేబుల్ మీద పడుతుంది, రెండోది ఊరికే ఉంటుంది. ఐపీ అడ్రస్‌లను కూడా చూసే లేయర్ 2+3 గానీ, పోర్టు నంబర్లనూ చూసే 3+4 గానీ పెట్టండి. లోపలికి వచ్చేదాన్ని పంచేది స్విచ్, అక్కడి సెట్టింగ్ వేరే.

లోడ్ పంచుకునేవాళ్లు ఒక చిన్న కూడిక మరిచిపోతారు. రెండు కేబుళ్లూ 70 శాతం నిండి నడుస్తుంటే, ఒకటి పోయిన క్షణం మిగిలినదాని మీద 140 పడుతుంది. రద్దీ వేళల్లో ఒక్కోటి 50 దాటుతోందంటే మీకు ఇక బ్యాకప్ లేనట్టే.

తిరిగి వచ్చేటప్పుడు పడిపోవడం

దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామందికి టెన్షన్ పెట్టేది ఇదే. స్విచ్ పోయినప్పుడు అంతా సాఫీగా మారుతుంది. స్విచ్ తిరిగి ఆన్ అయినప్పుడు అర నిమిషం పాటు అంతా ఆగిపోతుంది. కారణం స్పానింగ్ ట్రీ, అంటే నెట్‌వర్క్‌లో డేటా గుండ్రంగా తిరగకుండా స్విచ్‌లు కాసే కాపలా. పోర్టు లైటు వెలగగానే స్విచ్ ట్రాఫిక్ వదలదు. అవతల లూప్ ఉందేమోనని 15 సెకన్లు వింటుంది, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటుంది. ఈలోపు సర్వర్ "నా మొదటి కేబుల్ వచ్చేసింది" అని దాని మీదకు దూకేస్తుంది. అక్కడ దారి ఇంకా మూసే ఉంటుంది.

కాబట్టి సర్వర్ పోర్టులన్నిటికీ స్విచ్‌లో ఎడ్జ్ పోర్ట్ సెట్టింగ్ పెట్టండి, సిస్కోలో దీన్ని పోర్ట్‌ఫాస్ట్ అంటారు. ఆ పోర్టుకు పొరపాటున ఇంకో స్విచ్ తగిలిస్తే పోర్టును మూసేసే బీపీడీయూ గార్డ్ కూడా ఆన్ చేయండి. సర్వర్ వైపు అప్‌డిలే, అంటే లింక్ వచ్చాక దాన్ని వాడే ముందు ఆగే సమయం, పెంచండి. లేదా ప్రైమరీ రీసెలెక్ట్‌ను ఫెయిల్యూర్‌కు మార్చండి, అప్పుడు ఉన్న కేబుల్ బాగున్నంతకాలం అది పాతదానికి తిరిగి వెళ్లదు.

లింక్‌ను ఎంతసేపటికోసారి చూడాలో చెప్పే ఎంఐఐమాన్ విలువ కూడా అప్పుడే చూసుకోండి. అక్కడ 0 ఉండి ఏఆర్‌పీ మానిటరింగ్ కూడా లేకపోతే సర్వర్ లింక్ ఉందో లేదో చూడనే చూడదు. 100 మిల్లీసెకన్లు సరిపోతుంది. ఎల్ఏసీపీలో స్లో అయితే 30 సెకన్లకోసారి పలకరించుకుంటాయి, 90 సెకన్ల దాకా అవతలివాడు పోయాడని ఒప్పుకోవు. ఫాస్ట్‌లో ఇది 3 సెకన్లే. మధ్యలో ఫైబర్‌ను రాగి కేబుల్‌కు మార్చే మీడియా కన్వర్టర్లు ఉన్నచోట ఈ తేడా బాగా తెలుస్తుంది. జంబో ఫ్రేములు (పెద్ద ప్యాకెట్లు) వాడుతుంటే ప్యాకెట్ సైజు పరిమితి దారి పొడవునా 9000 బైట్లు ఉండాలి. ముక్కలు చేయొద్దని చెప్పి 8972 సైజుతో పింగ్ (జవాబు కోరే పరీక్ష ప్యాకెట్) కొడితే ఎక్కడ ఆగుతోందో బయటపడుతుంది.

మార్చే రాత్రి

ముందుగా, నెట్‌వర్క్ పోయినా సర్వర్‌ను చేరే విడి దారి అయిన ఐలో లేదా ఐడ్రాక్ కన్సోల్‌లోకి నిజంగా లాగిన్ అయి చూడండి. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదని అర్ధరాత్రి తెలియకూడదు. స్విచ్‌ల కాన్ఫిగ్ కాపీ తీసి పెట్టుకోండి. వెనక్కి వచ్చే దారి ముందే వేసుకోండి. జునిపర్‌లో కమిట్ కన్ఫర్మ్‌డ్ ఉంది, ఖరారు చేయకపోతే మార్పు దానంతటదే వెనక్కి పోతుంది. సిస్కో ఐఓఎస్‌లో పది నిమిషాల తర్వాత రీలోడ్ అని పెట్టుకోవచ్చు, సేవ్ చేయని మార్పులు దాంతో పోతాయి. ఉబుంటులో మార్పును పరీక్షించి వెనక్కి తిప్పే నెట్‌ప్లాన్ ట్రై ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, బాండ్ పారామీటర్లను అది వెనక్కి తిప్పలేదు. పది నిమిషాల తర్వాత పాత ఫైల్‌ను తిరిగి పెట్టే చిన్న స్క్రిప్టు నడిపించి, అంతా బాగుంటే దాన్ని ఆపండి.

క్లస్టర్‌లు (ఒకటి పోతే ఇంకోటి అందుకునే సర్వర్ గుంపులు) ఉంటే మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టకుండా కేబుల్ ముట్టుకోవద్దు. 2012 డిసెంబర్ 22న ప్రోగ్రాముల కోడ్ దాచే సైట్ గిట్‌హబ్‌లో జరిగింది ఇదే. స్విచ్‌ల సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ సమయంలో ఎంఎల్ఏజీ సాఫీగా మారలేదు, సుమారు ఒకటిన్నర నిమిషం నెట్‌వర్క్ ఆగింది. జతలుగా ఉన్న ఫైల్ సర్వర్లకు ఒకదాని హార్ట్‌బీట్ ("బతికే ఉన్నా" అనే సందేశం) ఒకదానికి అందక, పక్కది పోయిందనుకుని ఒకదాన్నొకటి ఆపేయబోయాయి. కొన్ని జతల్లో రెండూ ఆగిపోయాయి. నెట్‌వర్క్ వచ్చినా సర్వర్లు కోలుకోవడానికి గంటలు పట్టింది. మీ హార్ట్‌బీట్ టైమ్‌అవుట్ ఎన్ని సెకన్లో, మీ నెట్‌వర్క్ మారడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూడండి. ఒక జతలోని రెండు సర్వర్లనూ ఒకే రాత్రి మార్చకండి.

ఇక పీకండి

ఒకరు రాక్ దగ్గర, ఒకరు స్క్రీన్ ముందు, మధ్యలో ఫోన్. ప్రతి వీలాన్ నుంచీ ఒక మెషీన్ సర్వర్‌ను పింగ్ చేస్తూ ఉండాలి. మొదటి కేబుల్ పీకండి, ఎన్ని పింగ్‌లు పోయాయో రాసుకోండి. తిరిగి పెట్టండి. రెండు నిమిషాలు ఆగండి, తొందరపడకండి. ఇప్పుడు రెండోది పీకండి. తర్వాత స్విచ్‌కే కరెంటు తీసేయండి, మళ్లీ ఇవ్వండి, అది పూర్తిగా లేచేదాకా పింగ్ చూస్తూనే ఉండండి. రెండో స్విచ్‌తోనూ అదే చేయండి. చివరగా సర్వర్ రీస్టార్ట్ చేసి సెట్టింగులు నిలిచాయా చూడండి. స్విచ్‌లో కాన్ఫిగ్ సేవ్ చేశారా? సేవ్ చేయకపోతే మొదటి కరెంటు కోతకే ఈ రాత్రి చేసిందంతా పోతుంది.

ఇదంతా జరుగుతున్నప్పుడు మీ ఫోన్‌కు అలర్ట్ వచ్చిందా అన్నది కూడా పరీక్షలో భాగమే. ఒక కేబుల్ పోయినా పని ఆగదు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. అలర్ట్ లేకపోతే నెలల తరబడి ఒంటి కేబుల్ మీద నడుస్తున్నా మీకు తెలియదు.

ఆ ఆసుపత్రి రాక్ తలుపు లోపలి వైపు ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉంటుంది. పీకిన తేదీ, ఏ కేబుల్, ఎన్ని పింగ్‌లు పోయాయి, ఎవరు చూశారు. ఏటా మే రెండో వారంలో ఒకసారి, దసరా సెలవులకు ముందు ఒకసారి పీకి అందులో రాస్తాం. ల్యాబ్ నుంచి ఒకరు వచ్చి రిపోర్టు వార్డులో తెరుచుకుందని చెప్పాకే ఆ వరసలో సంతకం పెడతాను.