అమెరికాలో సైక్ ఎన్‌పీగా సొంత ప్రాక్టీస్ పెట్టుకోవాలంటే ఏది ముందు, ఏది తర్వాత

సైక్ ఎన్‌పీ అంటే మానసిక వైద్యంలో ప్రత్యేకంగా చదివి, పేషెంట్లని చూసి మందులు రాసే నర్స్ ప్రాక్టీషనర్. మన నర్స్ సిస్టర్స్ చాలామంది నన్ను అడిగేది ఒకటే, అక్కా పీఎంహెచ్‌ఎన్‌పీ (ఆ చదువు) అయిపోయింది, బోర్డ్ పరీక్ష కూడా పాసయ్యాను, ఇప్పుడే సొంతంగా టెలిహెల్త్, అంటే వీడియోలో పేషెంట్లని చూసే ప్రాక్టీస్, పెట్టేస్తే పోలా అని. కొన్ని స్టేట్స్‌లో అయితే పెట్టేయొచ్చు, చట్టం అడ్డు రాదు. కానీ నా మాట విని ఒక రెండేళ్లు ఆగండి. ఏఎన్‌సీసీ అనే సంస్థ పెట్టే ఆ బోర్డ్ పరీక్షకి కూర్చోడానికి కావాల్సిన క్లినికల్ గంటలు కనీసం 500, అంటే ఫుల్‌టైమ్ ఉద్యోగం లెక్కన మూడు నెలలు, అంతే. లిథియం (బైపోలార్‌కి ఇచ్చే మందు, ఒంట్లో ఎక్కువైతే విషం) వేసుకునే పేషెంట్ రాత్రి పదకొండింటికి రెండ్రోజుల్నుంచి వాంతులు, విరేచనాలు, చేతులు వణుకుతున్నాయి అని మెసేజ్ పెడితే మాత్ర ఆపించి వెంటనే ఈఆర్‌కి (ఎమర్జెన్సీకి) పంపాలి అని వెలగాలంటే అంతకుముందు అలాంటి కేసు ఒకటి మన పక్కన సీనియర్ ఉండగా చూసుండాలి. ఆ రెండేళ్లు ఇన్‌పేషెంట్ గానీ కమ్యూనిటీ మెంటల్ హెల్త్ గానీ చెయ్యండి, జీతం కాస్త తక్కువైనా సరే. స్కిజోఫ్రీనియా, బైపోలార్, ఇంజెక్షన్ల మీద ఉన్నవాళ్లు, డిటాక్స్ (మత్తు అలవాటు మాన్పించే వైద్యం), అన్నీ అక్కడే కళ్లారా చూస్తారు. గంటకి నలుగురు పేషెంట్లని తోసే ఆన్‌లైన్ కంపెనీలో మొదటి ఉద్యోగం మాత్రం వద్దు. నేను ఒకచోట అలాగే చేరాను, ఆర్నెల్లు చేశాక చూసుకుంటే రీఫిల్స్ నొక్కడం తప్ప కొత్తగా నేర్చుకుంది ఏమీ లేదు, సందేహం వస్తే అడగడానికి మనిషే లేడు.

ఇంకో మాట ముందే చెప్పేస్తా, మనవాళ్లలో ఇది చాలామందికి తర్వాత తెలుస్తుంది. హెచ్1బీ వర్క్ వీసా మీద ఉంటే స్పాన్సర్ చేసిన ఎంప్లాయర్ దగ్గర తప్ప వేరే పని చెయ్యకూడదు, శనాదివారాలు సొంత క్లినిక్‌లో నలుగుర్ని చూస్కుంటా అంటే కుదరదు, ఆ క్లినిక్ పేరు మీద విడిగా పిటిషన్ ఉండాల్సిందే. హెచ్4 ఈఏడీ, అంటే హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో వచ్చే పని అనుమతి, ఉన్నవాళ్లకి ఆ ఇబ్బంది లేదు, సొంత బిజినెస్ పెట్టుకోవచ్చు. గ్రీన్ కార్డ్ ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. ఏదైనా సరే ఒక ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక గంట డబ్బులు కట్టి అడిగాకే ఎల్ఎల్‌సీ (సొంత కంపెనీ) జోలికి వెళ్లండి.

ఇప్పుడు స్టేట్ సంగతి, అసలు మన ప్లాన్ మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది. అరిజోనా, వాషింగ్టన్, ఒరెగాన్ లాంటి చోట్ల ఎన్‌పీకి ఫుల్ ప్రాక్టీస్ అథారిటీ ఉంది, డాక్టర్ సంతకం అక్కర్లేదు. ఇల్లినాయ్‌లో 4,000 గంటల క్లినికల్ అనుభవం, దాని మీద 250 గంటల ట్రైనింగ్ పూర్తయ్యాకే సొంతంగా చెయ్యనిస్తారు. కాలిఫోర్నియాలో 2020లో వచ్చిన ఏబీ 890 చట్టం ప్రకారం 103 ఎన్‌పీ, 104 ఎన్‌పీ అని రెండు మెట్లు, పూర్తి సొంత ప్రాక్టీస్ అంటే రెండోదే, మొదటి దాంట్లో మూడేళ్లు చేస్తే గానీ రెండోది రాదు. ఫ్లోరిడాలో 2020లో ఎన్‌పీలకి స్వతంత్రం ఇచ్చారు కదా అని సంబరపడకండి, అది ప్రైమరీ కేర్ వాళ్లకి, మనకి కాదు. ఇక మనవాళ్లు ఎక్కువుండే టెక్సస్‌లో డాక్టర్‌తో ప్రిస్క్రిప్టివ్ అథారిటీ అగ్రిమెంట్ లేకుండా మందు రాయలేం, అది ఉన్నా కూడా షెడ్యూల్ టూ మందులు, అంటే అలవాటు పడే ప్రమాదం ఎక్కువని గట్టి కంట్రోల్‌లో పెట్టిన యాడెరాల్, రిటాలిన్ లాంటివి (ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత కుదరని సమస్యకి ఇచ్చేవి) మామూలు ఔట్‌పేషెంట్ క్లినిక్‌లో ఎన్‌పీ రాయకూడదు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో కూర్చుని ఏడీహెచ్‌డీ క్లినిక్ పెడదామనుకునేవాళ్లు ముందు ఈ ఒక్కటి అర్థం చేస్కుంటే చాలా డబ్బు మిగులుతుంది.

టెలిహెల్త్‌లో లైసెన్స్ మనం కూర్చున్న చోటుది చూడరు, ఆ టైమ్‌కి పేషెంట్ ఎక్కడున్నాడో అక్కడిది చూస్తారు. ఆర్‌ఎన్ (మామూలు నర్స్) లైసెన్స్‌కి కాంపాక్ట్, అంటే ఒకే లైసెన్స్ చాలా స్టేట్స్‌లో చెల్లే ఒప్పందం, ఉంది గానీ ఏపీఆర్‌ఎన్‌కి (ఎన్‌పీల లైసెన్స్‌కి) అలా వాడుకునే కాంపాక్ట్ ఇంకా నడవట్లేదు కాబట్టి ఒక్కో స్టేట్‌కి విడిగా తీస్కోవాలి. మన తెలుగు పేషెంట్లు సంక్రాంతికి ఇండియా వెళ్లి అక్కణ్నుంచి వీడియో కాల్‌లో చూడమంటారు, పాపం నమ్మకంతోనే అడుగుతారు. నేను చూడను, బయల్దేరే ముందే ఒక విజిట్ పెట్టి ట్రిప్‌కి సరిపడా మందులు, మందుల లిస్టుతో ఒక లెటర్ ఇచ్చి పంపిస్తా.

కాగితాల పని వరసలో చేస్తే నొప్పి తక్కువ. స్టేట్ రూల్ చూసి పీఎల్ఎల్‌సీయా (లైసెన్స్ ఉన్న వృత్తులవాళ్ల ఎల్ఎల్‌సీ), మామూలు ఎల్ఎల్‌సీయా తేల్చుకుని రిజిస్టర్ చేస్కోండి, తర్వాత ఐఆర్ఎస్ (ట్యాక్స్ శాఖ) సైట్‌లో ఈఐఎన్ (క్లినిక్ ట్యాక్స్ నంబర్), అది ఫ్రీ, డబ్బులడిగే సైట్లు వేరేవాళ్లవి. మీ సొంత ఎన్‌పీఐ (వైద్యం చేసేవాళ్లకిచ్చే గుర్తింపు నంబర్) ఎలాగూ ఉంటుంది, క్లినిక్ పేరు మీద టైప్ టూ ఎన్‌పీఐ ఇంకోటి తీస్కోవాలి, అది కూడా ఫ్రీ. ఎన్‌పీఐ రిజిస్ట్రీలో పెట్టిన అడ్రస్, ఫోన్ నంబర్ ఎవరైనా చూడొచ్చు, ఇంటి అడ్రస్ అందులో పెట్టకండి, సైక్ ప్రాక్టీస్‌లో ఇది చిన్న విషయం కాదు. డీఈఏ (కంట్రోల్డ్, అంటే అలవాటు పడే ప్రమాదమున్న మందులు రాయడానికి రిజిస్ట్రేషన్) మూడేళ్లకి 888 డాలర్లు, అడిక్షన్ మీద 8 గంటల ట్రైనింగ్ ఒక్కసారి చెయ్యాలి, ఇది 2023 జూన్ నుంచి రూలు. బ్యూప్రెనార్ఫిన్‌కి (ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే మందు) పాత ఎక్స్ వేవర్ అనే ప్రత్యేక అనుమతి ఇప్పుడు లేదు, మామూలు డీఈఏతోనే రాయొచ్చు. కంట్రోల్డ్ మందుల్ని పేషెంట్‌ని నేరుగా చూడకుండా టెలిహెల్త్‌లో రాసే వెసులుబాటు కోవిడ్ నుంచి పొడిగిస్తూ వస్తున్నారు గానీ అది తాత్కాలికమే, ఒక్క దాని మీద ప్రాక్టీస్ మొత్తం కట్టకండి.

మాల్‌ప్రాక్టీస్ (వైద్యంలో పొరపాటని కేసు వేస్తే కాపాడే) ఇన్సూరెన్స్‌లో రెండు రకాలు. అక్కరెన్స్ పాలసీ అయితే పాలసీ ఉన్నప్పుడు జరిగినదానికి ఎప్పుడు కేసు వేసినా కవర్ అవుతుంది. క్లెయిమ్స్ మేడ్ చవగ్గా కనిపిస్తుంది గానీ మానేసేటప్పుడు, తర్వాత వచ్చే కేసుల కోసం టెయిల్ అని విడిగా కొనాలి, ఆ ఖర్చు చూస్తే గుండె గుభేల్మంటుంది. ఉద్యోగం మానేముందు మీ పాత కాంట్రాక్ట్‌లో టెయిల్ ఎవరు కట్టాలి, నాన్ కంపీట్ (దగ్గర్లో పోటీగా ప్రాక్టీస్ పెట్టకూడదన్న షరతు) ఎన్ని మైళ్లు అని చదువుకోండి.

ఇన్సూరెన్స్ కంపెనీల క్రెడెన్షియలింగ్‌కి (మన అర్హతలు చూసి నెట్‌వర్క్‌లో చేర్చుకోడానికి) మూడు నాలుగు నెలలు పడుతుంది, అందుకే క్లినిక్ తెరిచాక కాదు, ఉద్యోగంలో ఉండగానే మొదలెట్టాలి. ఇన్సూరెన్స్ వాళ్లు మన వివరాలు చూసుకునే సీఏక్యూహెచ్ ప్రొఫైల్ 120 రోజులకోసారి మళ్లీ అటెస్ట్ చెయ్యాలి, మర్చిపోతే పేమెంట్లు ఆగుతాయి, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఎఫెక్టివ్ డేట్ (నెట్‌వర్క్‌లో చేరిన తేదీ) చేతికి రాకముందు ఆ ఇన్సూరెన్స్ పేషెంట్‌ని చూస్తే డబ్బులు వస్తాయన్న ఆశ పెట్టుకోవద్దు. పెద్దవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్ అయిన మెడికేర్ మనకి డాక్టర్ రేటులో 85 శాతం ఇస్తుంది. బిల్లింగ్ కోడ్లు చూస్తే మొదటి విజిట్‌కి 90792, ఫాలోఅప్‌కి 99213 లేదా 99214, అదే విజిట్‌లో థెరపీ కూడా చేస్తే 90833 కలుపుతాం, దానికి కనీసం 16 నిమిషాలు అచ్చంగా థెరపీకే ఇవ్వాలి, మందుల గురించి మాట్లాడిన టైమ్ అందులో కలపకూడదు, ఎప్పుడు మొదలెట్టి ఎప్పుడు ఆపారో నోట్‌లో రాయాలి. ఇరవై నిమిషాల విజిట్‌కి ఫాలోఅప్ కోడ్, థెరపీ కోడ్ రెండూ వేసేవాళ్లని చూశాను, ఆడిట్‌లో వెనక్కి కట్టించుకుంటారు.

ఇక మన తెలుగు పేషెంట్లు, నేను ప్రాక్టీస్ పెట్టిందే నిజానికి వీళ్ల కోసం. డిప్రెషన్ అనే మాటతో ఎవరూ రారు. నిద్ర పట్టట్లేదు, గుండెదడ, తల బరువు, కడుపులో గాభరా, ఇలా వస్తారు, ముందు అవన్నీ ఓపిగ్గా వినాలి, థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ చూడాలి, అప్పుడు మెల్లగా మనసు సంగతికి రావాలి. సైకియాట్రీ అనగానే ఎర్రగడ్డ గుర్తొచ్చే తరం ఇది. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మలు, నాన్నలు బ్యాగ్‌లో ఎసిటాలోప్రామ్ (డిప్రెషన్ మందు), క్లోనజెపామ్ (ఆందోళన తగ్గించే, అలవాటు పడే మందు) కలిపిన మాత్ర స్ట్రిప్పులు తెచ్చుకుంటారు, ఆ కలిపిన మాత్ర ఇక్కడ దొరకదు, అడిగితే "నిద్ర మాత్రమ్మా, చిన్నదే" అంటారు. అది అయిపోయాక ఒక్కసారిగా ఆగిపోతే వణుకు, నిద్రలేమి, ఒక్కోసారి ఫిట్స్ దాకా వెళ్తుంది. అందుకే మొదటి విజిట్‌లోనే స్ట్రిప్పు కెమెరాకి చూపించమనండి, పేరు, మిల్లీగ్రాములు మీరే చదవండి, ఎన్నేళ్లుగా వాడుతున్నారో అడగండి, మెల్లగా తగ్గించండి. కోడలో కొడుకో పక్కన కూర్చుని అనువాదం చేస్తామంటారు, వద్దు, కనీసం పది నిమిషాలు ఆ పెద్దావిడతో ఒంటరిగా మాట్లాడండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని తెలుగులోనే సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన వస్తుందన్నది తప్పు, అడిగాక చాలామంది ఊపిరి పీల్చుకుని ఏడుస్తారు.

ఫుల్ ప్రాక్టీస్ స్టేట్ అయినా సరే నెలకి రెండుసార్లు కన్సల్ట్ చెయ్యడానికి ఒక సైకియాట్రిస్ట్‌ని డబ్బులిచ్చి పెట్టుకోండి, నేను ఇప్పటికీ అలాగే చేస్తున్నా, అది ఖర్చు అనిపించదు. మొదట్లో వారంలో రెండ్రోజులు సొంతం, మూడ్రోజులు ఉద్యోగం, అలా ఒక ఏడాది నడిపి చూడండి. సెలవు మీద వెళ్తే మీ పేషెంట్లని చూడటానికి అదే స్టేట్ లైసెన్స్ ఉన్న ఇంకో ఎన్‌పీతో ముందే రాసుకున్న ఒప్పందం ఉండాలి, ఈహెచ్‌ఆర్‌లో (పేషెంట్ల కంప్యూటర్ రికార్డుల్లో) ఆవిడకి లాగిన్ ఉండాలి, లిథియం, క్లోజపిన్ మీద ఉన్నవాళ్ల పేర్లు, వాళ్ల తర్వాతి రక్త పరీక్ష తేదీలు ఒక పేజీలో రాసి ఇవ్వాలి, మీ వాయిస్‌మెయిల్‌లో 988 (ఆత్మహత్య ఆలోచనలొస్తే చేసే హెల్ప్‌లైన్), 911తో పాటు ఆవిడ నంబర్ కూడా ఉండాలి. నేను మూడు వారాలు గుంటూరు వెళ్లినప్పుడు ఆ పేజీలో ఉన్న ఏడుగురిలో ఇద్దరికి నిజంగానే కాల్ చెయ్యాల్సొచ్చింది.