లైటింగ్ బోర్డుల ధరలో నేను దిద్దుకున్న లెక్క

తిరుపతిలోని మా చిన్న దుకాణంలో, ఎల్‌ఈడీ అక్షరాల బోర్డుకు యాక్రిలిక్, మాడ్యూళ్లు (వెలిగే చిన్న ఎల్‌ఈడీ ముక్కలు), ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును ఎల్‌ఈడీలకు సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె), కూలి కలిపి 12,000 రూపాయలు ఖర్చయితే, దానిపై 40 శాతం వేసి 16,800కు అమ్మి, రాబడిలో నలభై శాతం మిగిలిందని చాలాకాలం సంబరపడ్డాను. నిజానికి అమ్మిన ధరలో మిగిలింది 28.57 శాతమే, దుకాణం అద్దె, కరెంటు బిల్లు అందులోంచే పోయేవి. అమ్మకంపై 40 శాతం మిగలాలంటే ఖర్చును 0.6తో భాగించి 20,000 చెప్పాలని ఆలస్యంగా గ్రహించాను.

లాభానికి పడిన రెండో చిల్లు ఎస్‌ఎంపీఎస్‌ది. 60 వాట్ల మాడ్యూళ్లకు సరిగ్గా 60 వాట్లదే బిగించేవాణ్ని (పొదుపనుకున్నాను!). మే నెల ఎండకు గాంధీ రోడ్డులోని ఒక బోర్డులో అది కాలిపోగా, "అన్నా, పేరులో 'శ్రీ' ఆరిపోయింది" అని కబురు వచ్చింది. నిచ్చెన, మనిషి, కొత్త సామాను ఖర్చంతా నాదే అయింది. ఇప్పుడు మాడ్యూళ్ల భారం దాని సామర్థ్యంలో 80 శాతం దాటకుండా పెద్దది వేసి, ఒకసారి మరమ్మతుకు వెళ్లివచ్చే ఖర్చును కూడా మొదటి అంచనాలోనే కలుపుతున్నాను.